తొండకు హెడ్డింగ్ ఎందుకు

అన్నకు బీపీ ఉందన్నది మా పేపరు డెస్కులో ఎవరికీ వార్త కాదు. జిల్లా పేజీలు పెట్టేచోట బీపీ లేనివాడు ఎవడైనా ఉంటే, వాడు సరిగా పనిచేయడం లేదని అనుమానిస్తారు. వార్త ఏమిటంటే, ఒక సాయంత్రం పేజీలు అచ్చుకు వదిలే వేళకు కాస్త ముందు అన్న కీబోర్డు మీదికి ఒరిగిపోయాడు. ఆయన ముక్కు ఏ మీట మీద పడిందోగానీ, కల్వర్టు కూలిన వార్త మధ్యలో ఒకే అక్షరం వరుసలు వరుసలుగా పరుచుకుంటూ పోయింది. మా డెస్కు ఇన్‌చార్జి పరుగెత్తుకొచ్చాడు. ముందు పేజీ సేవ్ చేశాడు. తర్వాత నీళ్లు తెమ్మన్నాడు.

ఆ వరసను ఎవరూ తప్పుపట్టలేదు. అన్న కూడా తప్పుపట్టలేదు. కళ్లు తెరవగానే ఆయన అడిగిన మొదటి మాట, “పేజీ పోయిందా?”

అన్నది నా పక్క కుర్చీ. నాకంటే రెండుమూడేళ్లు పెద్ద. డెస్కులో అందరికీ అన్నే, ఆయన కంటే పెద్దవాళ్లకు కూడా. దేవరకొండ దిక్కు నుంచి వచ్చి, మీసం నల్లగా ఉన్నప్పుడు ఆ కుర్చీలో కూర్చున్నాడు. మీసం తెల్లబడ్డాక కూడా కుర్చీ అదే. హెడ్డింగులు పెట్టడంలో జిల్లాలో ఆయన్ను మించినవాడు లేడు. బోరు ఎండినా, బస్సు బోల్తాపడ్డా, ఎమ్మెల్యే కొబ్బరికాయ కొట్టినా, వార్త ఆయన ముందుకు వచ్చి నిలబడేది. ఆయన దానికి తలకాయ తగిలించి పంపేవాడు.

మేం పనిచేసిన పట్నం పేరు చెప్పాల్సిన పని లేదు. నల్లగొండ జిల్లాలో నార్కట్‌పల్లి చౌరస్తా దిగి లోపలికి వచ్చేవాళ్లు చూసే పట్నాల్లో అదొకటి. నాది అవతలి జిల్లా, కొత్తకోట పక్క. అంతకుముందు మహబూబ్‌నగర్ డెస్కులో చాలాకాలం చేశాను. అక్కడ మాలో ఎవరూ కీబోర్డు మీద ఒరిగిపోలేదు. ఎందుకా అని తర్వాత ఆలోచిస్తే కారణం దొరికింది. ఆ రోజుల్లో కరెంటు పోయేది.

నిజంగానే చెప్తున్నాను. సాయంత్రం కరెంటు పోయిందంటే డెస్కు మొత్తం లేచి మెట్లు దిగేది. జనరేటర్ వాడు నిద్రలేచి, డీజిల్ ఉందో లేదో చూసి, తాడు లాగి, అది మొరాయించి, మళ్లీ లాగేదాకా మేం బయటే. చాయ్ బండి దగ్గర నిలబడి, చీకట్లో ఒకరి ముఖం ఒకరికి కనబడక, పక్కనున్నది బాస్ అని తెలియక బాస్ ముందే బాస్‌ను తిట్టుకుని, గాలి పీల్చుకుని పైకి వచ్చేవాళ్లం. దాన్ని మేం విశ్రాంతి అనుకోలేదు, ఆటంకం అనుకున్నాం. తెలంగాణ వచ్చింది. కరెంటు పోవడం మానేసింది. రైతుకు మేలైంది, మిల్లుకు మేలైంది, కోడిగుడ్ల వ్యాపారికి కూడా మేలైంది. మా డెస్కు మాత్రం కుర్చీలోంచి లేచే ఒకే ఒక్క సాకును పోగొట్టుకుంది. ఆ తర్వాత నల్లగొండ జిల్లాను మూడు చేశారు. పేజీలూ పెరిగాయి. మనుషులను మాత్రం పెంచడం ఎవరికీ గుర్తుకురాలేదు.

దవాఖానలో డాక్టరు అన్న చేతికి పట్టీ కట్టి, గాలి కొట్టి, ముల్లు చూసి ఈల వేశాడు. డాక్టరుదీ కిటికీ లేని గదే. పొద్దున తొమ్మిదికి లోపలికి వస్తే రాత్రి బయటపడే మనిషి. “మందు రాస్త. గని మందుతోని ఒడువది. పని నడుమ లేచి బయటికి పోవాలె. చెట్టు కింద జరసేపు కూసోవాలె. ఫోను తీస్కపోవద్దు” అన్నాడు. అని, తన టేబుల్ సొరుగు లాగి, తన మాత్ర తాను వేసుకున్నాడు.

వదిన, అంటే అన్న భార్య, ఆ మాట గట్టిగా పట్టుకుంది. దవాఖాన మెట్ల మీదే తీర్పు చెప్పేసింది.

“వచ్చే నెల మళ్ల సూపిస్తం. తగ్గిందా, నీ పేపరు నువ్వు సేసుకో. తగ్గలేదా, ఆ దినమే రాజీనామా. మనూరికి పోదం. బత్తాయి తోట సూసుకుంట బతుకుదం.”

అన్న ముఖం చూడలేకపోయాను. బత్తాయి తోట అంటే చాలామందికి వానప్రస్థ సుఖం. ఆయనకు అది జైలుశిక్ష. “బత్తాయిల ఏముంటదిరా? పూతొస్తది, కాతొస్తది, రాలిపోతది. ఏడాదికి మూడు హెడ్డింగులు” అన్నాడు నాతో, ఆటో ఎక్కుతూ.

వదిన నా వైపు తిరిగి, “మరిదీ, నువ్వే తీస్కపోవాలె బయటికి. ఈనె ఒక్కడే పోయిండంటె ఆఫీసు మెట్ల మీదనె కూసోని ఫోను సూస్తడు” అన్నది. అలా నెలరోజుల పాటు ఒక మనిషిని చెట్టు కింద కూర్చోబెట్టే బాధ్యత నా మీద పడింది. ఇంత కష్టమైన అసైన్‌మెంట్ నాకు ఉద్యోగంలో చేరింది మొదలు రాలేదు.

సరిగ్గా అదే వారం హెడ్డాఫీసుకు కూడా మా ఆరోగ్యం గుర్తుకొచ్చింది. అన్న ఒరిగిపోయిన సంగతి ఇన్‌చార్జి రిపోర్టులో రాశాడు. రాజధానిలో ఎవరో చదివారు. చదివి, సర్క్యులర్ పంపారు: ‘ఒత్తిడిని జయిద్దాం’. సాయంత్రం అయిదు గంటలకు కంప్యూటర్ ముందు అందరూ విధిగా కూర్చోవాలి, నిపుణురాలు మాట్లాడుతుంది. అయిదు గంటలంటే ఊళ్ల నుంచి రాసే కంట్రిబ్యూటర్ల వార్తలు వాన వరదలాగా వచ్చిపడే సమయం. ఒక కంటితో వార్తలు చూస్తూ, ఇంకో కంటితో ఆమెను చూశాం. స్క్రీన్ ముందు ఎక్కువసేపు కూర్చోవడం వల్ల వచ్చే నష్టాల గురించి ఆమె మమ్మల్ని స్క్రీన్ ముందు గంటకు పైగా కూర్చోబెట్టి చెప్పింది.

“ఇప్పుడు కళ్లు మూసుకోండి. మీరు సముద్రం ఒడ్డున ఉన్నారు. అలలు మీ పాదాలను తాకుతున్నాయి” అంది.

స్పోర్ట్స్ పేజీ పెట్టే తమ్ముడు మైకు మూయడం మరిచిపోయి, “మాకు సముద్రం లేదు మేడం. సాగర్ డ్యాం సరిపోతదా? గేట్లు తెరిచి ఉండాల్నా, మూసి ఉండాల్నా?” అన్నాడు. అవతల రాజధానిలో ఎవరో దగ్గారు.

ఆ తర్వాత వాట్సాప్ గ్రూపు వచ్చింది. దాని పేరు ‘ప్రశాంతత’. ఇంకో సర్క్యులర్ ప్రకారం రోజుకు రెండుసార్లు ప్రతి ఒక్కరూ బయటికి వెళ్లాలి, ఆ కాసేపు పని ముట్టుకోకూడదు, పచ్చదనం కనిపించేలా తన ఫోటో తాను తీసుకుని గ్రూపులో పెట్టాలి. పెట్టనివాళ్ల పేర్లు రాత్రి ఎర్ర రంగులో వచ్చేవి. అన్ని జిల్లాల డెస్కుల ప్రశాంతత ఒకే గ్రూపులోకి రావడంతో ఫోను అర్ధరాత్రి దాకా మోగుతూనే ఉండేది. స్పోర్ట్స్ తమ్ముడు దీనికి తొందరగానే దారి కనిపెట్టాడు. ఒక ఆదివారం ఇంటి నుంచి నాలుగు చొక్కాలు సంచిలో తెచ్చి, మెట్ల మలుపులో ఉన్న మనీప్లాంటు కుండీ పక్కన నిలబడి, చొక్కా మార్చుకుంటూ వారానికి సరిపడా ప్రశాంతత ఒకేసారి తీసి పెట్టుకున్నాడు. నెలాఖరులో అతనికి ప్రశంసాపత్రం వచ్చింది.

నేను, అన్న మాత్రం నిజంగానే బయటికి వెళ్లాం. ఫోన్లు డెస్కు మీద పెట్టి వెళ్లేవాళ్లం కాబట్టి ఫోటోలు ఉండేవి కావు. మా పేర్లు రోజూ ఎర్రగానే వచ్చేవి.

మా ఆఫీసు కింద ఎరువుల దుకాణం, పైన మేం. వెనక సర్కారు జాగా ఒకటి ఎవరికీ పట్టకుండా పడి ఉండేది. నాలుగైదు కానుగ చెట్లు, వాటి చుట్టూ సర్కారు తుమ్మ, తంగేడు పొదలు. ఒక అంచున పెద్ద గుండు. మా పొలాల్లో, గుట్టల కింద ఎక్కడ చూసినా కనిపించే నల్లరాయే. ఇది కూర్చున్న ఏనుగంత ఉండేది. పగలంతా ఎండ తాగి, సాయంత్రం మన వీపుకు వెచ్చగా తగిలేది. చుట్టుపక్కల మేకలు మేపే ఒకాయన పొద్దుగూకే ముందు మందను అక్కడికే తోలుకొచ్చేవాడు. మేం ఆయన్ను కాక అనేవాళ్లం.

మొదటిరోజు అన్నను గుండుకు ఆనించి కూర్చోబెట్టాను. ఆయన చుట్టూ చూశాడు. ఊపిరి పీల్చాడు. నాకు సంతోషమైంది.

“కానుగ నీడన కబ్జా నీడ” అన్నాడు.

“ఏంది?”

“హెడ్డింగ్ రా. ఈ జాగా మీద ఎవనిదో కన్ను పడే ఉంటది.”

మరునాడు మేకను చూశాడు. ‘మేతకు మేకల వెత’ అన్నాడు. మూడోనాడు ఆకాశం ఎర్రబడితే, ‘నింగిన నిప్పుల కొలిమి’ అన్నాడు. మేం కూర్చున్న గుండు మీదికి ఒక తొండ వచ్చి తల ఊపింది. అన్న పెదవులు కదలడం చూసి, నేను చేయి అడ్డం పెట్టాను.

“వద్దన్న. ఊకె సూడు. హెడ్డింగ్ పెట్టకు.”

“తొండకా?”

“తొండకే. తొండకు హెడ్డింగ్ ఎందుకు?”

ఆయన చూశాడు. చూస్తుంటే ఆయన నుదుటి మీద చెమట పట్టింది. తుమ్ము ఆపుకుంటున్న మనిషిలా ముఖం బిగుసుకుంది. తొండ తల ఊపి, గొంతు ఎర్రగా చేసి, ఇంకోసారి ఊపి వెళ్లిపోయింది.

“సబ్‌హెడ్డింగ్ అన్న పెట్టుకోనియ్యరాదురా” అన్నాడు దీనంగా.

కాకకు మా అవస్థ వినోదంగా ఉండేది. ఆయనకు మా గురించి తెలిసింది ఒకటే, పేపరోళ్లమని. కావలసింది ఒకటే, తన ఫోటో పేపర్లో రావడం. దగ్గరికొచ్చి కర్ర ఆనించి నిలబడేవాడు.

“సారూ, ఎన్నో ఫోటోలు ఏస్తరు. నాదొక్కటి ఎయ్యరాదు?”

“ఏమని ఎయ్యాలె కాక?” అనేవాడు అన్న. “ఏమన్న జరగాలె గద.”

“నేనున్న గదా. అది జరిగినట్టు గాదా?”

“ఉంటె వార్త గాదే. పోతె వార్త.”

“గట్లయితె అప్పుడే ఎయ్యిండ్రి తియ్యి” అని కాక మేకలను అదిలించుకుంటూ వెళ్లిపోయేవాడు. మళ్లీ మరునాడు అదే మాట అడిగేవాడు. అడగడంలో ఆయనకు విసుగు లేదు, కాదనడంలో అన్నకు విసుగు లేదు. నేను మధ్యలో కూర్చుని వినేవాణ్ణి. రెండు వారాలు గడిచేసరికి ఆ ముచ్చటలో కొన్ని నిమిషాలు అన్న పేజీల సంగతి మరిచిపోతున్నాడని గమనించాను. ఒకరోజు మేక పిల్ల ఆయన చొక్కా అంచు నమిలింది. ఆయన దాన్ని చూస్తూ ఊరికే కూర్చున్నాడు. నేను ఎదురుచూశాను. హెడ్డింగ్ రాలేదు. చొక్కా అంచు మాత్రం పోయింది.

పైకి వెళ్లాక పనిలోనూ తేడా కనిపించింది. అన్న ఇన్‌చార్జి మీద అరవలేదు. తప్పులతో వచ్చిన వార్తను చూసి కంట్రిబ్యూటర్‌కు ఫోన్ చేసి, “ఏం తమ్మీ, తిన్నవా?” అని మొదలుపెట్టాడు. అవతల ఆ పిలగాడు భయపడిపోయి, తన ఉద్యోగం పోయిందనుకున్నాడట. వదిన కూడా ఫోన్ చేసి, “నిద్రపోతున్నడు మరిదీ, గురక గూడ వస్తాంది” అని చెప్పింది. ఆమె గొంతులో బత్తాయి తోట కొంచెం వెనక్కి తగ్గింది.

అప్పుడు ఆ ఖాళీ వచ్చింది.

పేజీలు వదలడానికి కొన్ని నిమిషాలు ఉన్నాయనగా, నగల దుకాణం ప్రకటన రద్దయిందని చెప్పారు. పేజీ నడుమ పెద్ద గుంత. పేపర్లో తెల్లజాగా ఉంటే చదివేవాడికి ఏమీ కాదు. మాకు మాత్రం పరువు పోయినట్టే. ఆరోజు జిల్లాలో చెప్పుకోదగ్గ చావు కూడా లేదు. ఇన్‌చార్జి “ఏదో ఒకటి, ఏదో ఒకటి” అంటూ తిరుగుతున్నాడు. అన్న అతన్ని చూశాడు. గుంతను చూశాడు. ఆయన వేళ్లు వాటంతట అవే కదిలాయి. మనిషి ఆకలితో ఇంట్లోకి వచ్చి చేతికందిన కుండలో చేయి పెట్టినట్టు, ఆయన మనసులో అన్నిటికంటే పైన ఏముందో అదే రాశాడు.

‘పచ్చదనం ఉన్నా.. పట్టించుకునే దిక్కేదీ?’

కింద వార్త: పట్నం నడిబొడ్డున ప్రభుత్వ స్థలం ముళ్లపొదలతో నిండి పశువులకు ఆవాసంగా మారిందని, సాయంత్రం వేళ సేదతీరేందుకు వచ్చేవారు తీవ్ర ఇబ్బందులు పడుతున్నారని, అధికారులు ఇప్పటికైనా స్పందించి ఆహ్లాదకరంగా తీర్చిదిద్దాలని స్థానికులు కోరుతున్నారని. గుంత నిండింది. పేజీ అచ్చుకు పోయింది. ఇన్‌చార్జి అన్న భుజం తట్టాడు.

స్థానికులంటే మేమిద్దరమే. మేం ఏమీ కోరలేదు. కాక మాత్రం ఒక ఫోటో కోరాడు. దాని సంగతి వార్తలో లేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మురికికాలువల మీద మేం రాసిన వార్తలను వరసగా పరిస్తే ఆ కాలువలన్నీ పూడిపోతాయి. బడికి పైకప్పు లేదని రాశాం, బస్టాండులో నీళ్లు లేవని రాశాం. దేనికీ ఒక్క చీపురు కదలలేదు. ఈ వార్త అచ్చయిన వారంలోపే మున్సిపాలిటీ కదిలింది. ఎవరో పెద్దసారు వస్తున్నాడట, చూపించడానికి ఒక పార్కు కావాల్సి వచ్చిందట. ఎక్కడ పెట్టాలా అని వెతుకుతుంటే మా పేపరే జాగా చూపించింది.

ఒకరోజు మేం వెళ్లేసరికి జేసీబీ కానుగ చెట్టును వేళ్లతో సహా పైకెత్తి పట్టుకుని ఉంది. తర్వాత తంగేడు పొదలు పోయాయి. తర్వాత చుట్టూ ఇనుప కంచె లేచింది. చెట్లు కొట్టేసిన చోట గుంతలు తవ్వి, నర్సరీ నుంచి మొక్కలు తెచ్చి నాటారు. నేను దగ్గరికి పోయి చూశాను. కానుగ మొక్కలే. గేటు మీద రేకు బోర్డు పెట్టి, పార్కు పేరు కింద అందంగా తంగేడు పూలు గీయించారు. లోపల రంగురంగుల కసరత్తు యంత్రాలు దించారు. ఒకటి నడుం తిప్పేది, ఒకటి కాళ్లు ఊపేది, ఒకటి ఏం చేస్తుందో బిగించినవాళ్లకూ తెలియనిది. రిబ్బన్ కట్ చేశారు. గేటుకు తాళం వేశారు. తాళంచెవి ఎవరి దగ్గర ఉందని అడిగితే, “ఆఫీసుల ఉంటది సార్” అన్నారు. ఏ ఆఫీసని అడిగితే, “ఆఫీసులనే సార్” అన్నారు.

రిబ్బన్ వార్త మా డెస్కుకే వచ్చింది. మా దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. వార్త రాసినందుకు పని జరిగితే, దాని మీద ‘ఎఫెక్ట్’ అని ముద్ర వేసి, మొదట రాసినవాడే మళ్లీ రాయాలి. అది పెళ్లికొడుకును ఊరేగించినట్టు. ఇన్‌చార్జి మిఠాయి డబ్బా తెచ్చాడు. అన్న కూర్చుని తన ఘనత తానే రాసుకున్నాడు. హెడ్డింగ్ పెట్టడానికి మాత్రం చాలాసేపు పట్టింది. చివరికి ‘స్పందించిన అధికారులు’ అని పెట్టాడు. ఆయన జీవితంలో అంత బలహీనమైన హెడ్డింగ్ పెట్టగా నేను చూడలేదు.

ఆ రోజు నుంచి ఆయన కిందికి రావడం మానేశాడు. “ఏముందిరా ఆడ? కంచె” అనేవాడు. మళ్లీ అరుపులు మొదలయ్యాయి. అప్పుడు భయపడ్డ కంట్రిబ్యూటర్ పిలగాడికి మళ్లీ తన అన్న దొరికాడు, ఊపిరి పీల్చుకున్నాడు. వదిన ఫోన్ చేసింది. “గురక బందైంది మరిదీ. తోటల రూముకు సున్నం ఏపియ్యమని మా తమ్మునికి చెప్పిన” అంది. దవాఖానకు పోవాల్సిన రోజు దగ్గరికొస్తోంది. అన్నకు అది తెలుసు. సొరుగులో ఉన్న పాత పెన్నులు, క్లిప్పులు ఒక కవర్లో సర్దుకోవడం చూశాను. చూడనట్టు ఉండిపోయాను.

ఒక సాయంత్రం ఎరువుల దుకాణం వెనక నుంచి తొంగిచూస్తే, గుండు కనిపించింది. కంచెకు బయట. జేసీబీ దాన్ని కదిలించడానికి రెండుమూడు సార్లు చూసిందట, పండ్లు విరగ్గొట్టుకుందట. అది కదలదని తేలాక, ఆ అంచున కంచెను కాస్త లోపలికి వంచి, గుండును బయటికి వదిలేశారు. పైకి పోయి అన్నను రెక్క పట్టుకుని లేపాను.

“పేజీ ఉందిరా” అన్నాడు.

“నీ కంటె ముందు పేజీని సేవ్ చేసేటోళ్లున్నరు. నడువు.”

గుండు వెచ్చగానే ఉంది. నీడ లేదు. ఎదురుగా కంచె, కంచె వెనక యంత్రాలు. అన్న వీపు ఆనించాడు. కొంతసేపటికి మెడ గంటలు వినిపించాయి. మేకలు వస్తున్నాయి. మేకలకు కంచె సంగతి ఎవరూ చెప్పలేదు. ముందు నడిచే పోతు కంచె పొడుగునా నడిచి, గుండు దగ్గర వంచిన చోట సందు చూసుకుని, తల దూర్చి, లోపలికి వెళ్లింది. మంద మొత్తం దాని వెనక వెళ్లింది. కాక కర్ర పట్టుకుని ఇటువైపు నిలబడిపోయాడు. సందులోంచి ఆయన పట్టడు.

మేకలు మొక్కలతో మొదలుపెట్టాయి. కానుగ మొక్కలు తిన్నాక యంత్రాల మీద పడ్డాయి. ఒక మేక నడుం తిప్పే చక్రం ఎక్కింది. చక్రం తిరిగింది. మేక ముఖం ఉత్తరానికి ఉంటే నడుం పడమరకు పోయింది. అది దిగలేదు. దానికి నచ్చినట్టుంది. ఇంకో రెండు కాళ్లు ఊపే పలకల మీద నిలబడి ఊగుతున్నాయి. పోతు మాత్రం, ఏం చేస్తుందో ఎవరికీ తెలియని యంత్రం సీటు మీద దర్జాగా కూర్చుని, మొక్క కొమ్మ నములుతూ, బోర్డు మీది తంగేడు పూల వైపు చూస్తోంది. ఆ యంత్రం దేనికో ఆ రోజు మాకు తెలిసింది.

నేను అన్న వైపు చూశాను. ఇది మొదటి పేజీ ఫోటో. రాష్ట్రం మొత్తం వేసుకునే ఫోటో. ఏడాదికోసారి కూడా దొరకదు. పరుగెత్తి పైకి పోయి ఫోటోగ్రాఫర్‌ను తెస్తే సరిపోతుంది. అన్న నోరు తెరిచాడు.

తెరిచి నవ్వాడు. పొట్ట పట్టుకుని, గుండు మీదికి జారి, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. కాక మొదట కోపంగా చూశాడు. “ఏం నవ్వుతున్రు సారూ, నా మేకలు ఆడ కసరత్ చేస్తాంటె!” అన్నాడు. అని, మళ్లీ లోపలికి చూసి, తానూ నవ్వడం మొదలుపెట్టాడు. రోడ్డు మీద బైకు ఆపి ఎవరో చూస్తున్నారు. మేం పట్టించుకోలేదు. చీకటి పడేదాకా అక్కడే ఉన్నాం. అన్న ఒక్క హెడ్డింగ్ కూడా అనలేదు.

బైకు ఆపినవాడు పక్క పేపరు కంట్రిబ్యూటర్ అని తెల్లవారాక తెలిసింది. వాళ్ల మొదటి పేజీలో నాలుగు కాలమ్‌ల ఫోటో. ‘జిమ్ములో మేకలు’ అని పెట్టారు. హెడ్డింగ్ బాగాలేదు. అన్న చూసి పెదవి విరిచాడు, అంతే.

హెడ్డాఫీసు నుంచి ఫోన్ వచ్చింది. ఇన్‌చార్జి స్పీకర్ పెట్టి అన్న ముందుంచాడు. అవతలి సారు గొంతు డెస్కు మొత్తానికీ వినబడింది.

“మీ ఆఫీసు వెనకే కదండీ ఇది? మీకెవరికీ కనిపించలేదా?”

“కనిపించింది సార్” అన్నాడు అన్న.

“మరి?”

“మేం బయటికొచ్చి కూసున్నం సార్. ఆ టైంల పని చెయ్యొద్దని మీ సర్క్యులర్‌లనే ఉంది.”

అవతల కాగితాలు తిరగేసినట్టు వినబడింది. ఆయన సర్క్యులర్ చదువుకుంటున్నాడని మాకు అర్థమైంది. బహుశా మొదటిసారి.

“బయటికి వెళ్లుంటే గ్రూపులో ఫోటో ఏదీ?” అన్నాడు చివరికి.

దవాఖానకు నేనూ వెళ్లాను. డాక్టరు పట్టీ కట్టాడు, ముల్లు చూశాడు, నమ్మకం కుదరక విప్పి మళ్లీ కట్టాడు. “ఏం మందు వాడిన్రు?” అని అడిగాడు. అన్న నా వైపు చూశాడు. “మేకలు” అన్నాడు. డాక్టరు నవ్వలేదు. చీటీ మీద ఏదో రాసుకున్నాడు. వదిన ముల్లు తానే చూస్తానంది. చూసి, బయటికొచ్చి, తమ్మునికి ఫోన్ చేసి, “సున్నం ఇప్పుడే వద్దు తియ్యి” అంది. ఎప్పటికీ వద్దని అనలేదు. అన్న ఆ తేడా గమనించాడు. ఆ సాయంత్రం నేను పిలవకముందే కుర్చీలోంచి లేచాడు.

గుండు దగ్గర కాక మా కోసమే చూస్తున్నాడు. చేతిలో పక్క పేపరు, నాలుగు మడతలు పెట్టి. మనిషి మండిపడుతున్నాడు.

“సూడుండ్రి సారూ. మేకలొచ్చినయి. నేను రాలె. మేకలెవ్వరియి? నాయి. ఎన్నడన్న మేక అడిగిందా ఫోటో ఎయ్యుమని? అడిగింది నేను!”

“తప్పే కాక” అన్నాడు అన్న. “పైకి పో. మా ఆఫీసుల ఫోటోగ్రాఫర్ ఉన్నడు. నేను చెప్పిన్నని చెప్పు, తీస్తడు. రేపటి పేజీల ఎక్కిస్త.”

“ఏం జరిగిందని ఏస్తవు?”

“నువ్వున్నవని ఏస్త.”

కాక అనుమానంగా చూశాడు. తలపాగ విప్పి, దులిపి, మళ్లీ చుట్టుకున్నాడు. మెట్ల వైపు రెండడుగులు వేసి ఆగాడు.

“మరి మేకలో?”

“మేమున్నం గదనే. పో.”

ఆయన వెళ్లాడు. పైన మా డెస్కు మీద మా ఫోన్లు మోగడం కిందికి వినబడుతూనే ఉంది. పేజీల వేళ దగ్గరపడుతోంది. మేకలు ఒక్కొక్కటే సందులోంచి పార్కులోకి దూరుతున్నాయి. అన్న కాక వదిలిన కర్ర పట్టుకుని గుండుకు ఆని కూర్చున్నాడు. తొండ ఒకటి ఆయన మోకాలి పక్కకు వచ్చి తల ఊపింది. ఆయన కూడా ఊపాడు.